చూడని తూకానికి చీటీ రాయకండి

కొన్ని నెలల క్రితం ఒక పాత మిత్రుడితో మాటా మాటా పెరిగింది. ఇద్దరిదీ బోధనే. ఆయన ఇప్పుడు హైదరాబాదులో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. నేను తీరిక వేళల్లో లినక్స్ కెర్నెల్లోని యూఎస్‌బీ టైప్-సి భాగానికి ఇతరులు రాసి పంపే మార్పులను చదువుతూ, తోచిన తప్పులు చెబుతూ ఉంటానని తెలిసి నవ్వాడు. "కోడు రాసేవాడు కవి. చదివి సరే అనేవాడు గుమాస్తా. గుమాస్తా పనికి ఇంత గర్వమెందుకయ్యా నీకు?" అన్నాడు. అప్పటికప్పుడు నాకు సమాధానం తట్టలేదు. ఆ తర్వాత వారం రోజులు నిద్రలో కూడా సమాధానాలే తట్టాయి. వాటిని కూడగట్టి ఈ టపా రాస్తున్నాను. అక్కడక్కడ కటువుగా ఉంటే మిత్రులు మన్నించాలి.

ముందుగా గుమాస్తా సంగతి. మా నాయన చక్కెర కర్మాగారంలో ప్రయోగశాల ఉద్యోగి. గానుగాడే రోజుల్లో ఎనిమిదేసి గంటల వంతులుండేవి. వంతు వంతుకూ చెరకు రసం నమూనాలు వచ్చేవి. బ్రిక్స్ ఎంత, పోల్ ఎంత, అంటే రసంలో కరిగిన పదార్థమంతా ఎంత, అందులో చక్కెర పాలు ఎంత అని చూసి పట్టీలో రాసి సంతకం పెట్టాలి. గొట్టంలోకి తన కంటితో చూడని అంకెను ఆయన ఎన్నడూ రాయలేదు. బయట కాంటా దగ్గరా అదే ధర్మం. నిండు బండిని ఒకసారి, దించిన తర్వాత ఖాళీ బండిని మరొకసారి తూచి, రెంటికీ తేడా కట్టి చీటీ ఇవ్వాలి. రైతు ఏడాది కష్టమంతా ఆ చిన్న కాగితంలో ఉంటుంది. చెరకు పండించినవాడు గొప్పవాడే, కాదనను. కానీ ఖాళీ బండిని తూచకుండానే తూచినట్టు చీటీ రాసే కాంటా గుమాస్తా ఒక్కడుంటే, పండించినవాడూ కొన్నవాడూ ఇద్దరూ మునుగుతారు. గుమాస్తాను చులకన చేసే ముందు మా మిత్రుడు ఆ కాంటాను ఒకసారి తలుచుకుని ఉండవలసింది.

ఇక అసలు విషయానికి వస్తాను. సాంకేతిక పదాలంటే విసుగు పడే మిత్రులు కాసేపు ఓపిక పట్టండి. ఇది మీ సంచిలో ఉన్న వస్తువు గురించే.

నిజామాబాదు బస్టాండు దగ్గర ఫోన్ల దుకాణాల్లో వారానికొకసారైనా వినిపించే తగవు ఒకటుంది. కుర్రవాడు ల్యాప్‌టాప్ తెస్తాడు. పక్కన టైప్-సి రంధ్రం ఉంటుంది. టీవీకి కలిపే హబ్ కొంటాడు. ఇంటికెళ్ళి కలిపితే తెర మీద బొమ్మ రాదు. వెనక్కి తెచ్చి "మోసం" అంటాడు. దుకాణదారు తన ల్యాప్‌టాప్‌కు కలిపి చూపిస్తాడు, బొమ్మ వస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. 2014లో ప్రమాణంగా వచ్చిన ఈ టైప్-సి కనెక్టరులో 24 పిన్నులున్నాయి. రంధ్రం ఆకారం అన్నిచోట్లా ఒకటే. లోపలి శక్తి మాత్రం యంత్రానికొక తీరు. యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లవంటి పరికరాల ఛార్జింగుకు ఈ రంధ్రాన్నే తప్పనిసరి చేసింది. ఆకారం ఒక్కటైంది, సంతోషం. అర్థం ఒక్కటి కాలేదు.

ఆ రంధ్రంలో వేగంగా సమాచారం మోసే తీగలు నాలుగు జతలుంటాయి. మామూలుగా అవి యూఎస్‌బీ సమాచారాన్నే మోస్తాయి. అవసరమైతే ఆ తీగలనే తెరకు బొమ్మను మోసే డిస్‌ప్లేపోర్టుకో, థండర్‌బోల్టుకో అప్పగించవచ్చు. ఈ అప్పగింతనే ఆల్టర్నేట్ మోడ్ అంటారు. మనం మారురూపం అనుకుందాం. నిజాంసాగర్ కాలువ నీరు ఒకటే, ఏ తూము ఎత్తితే ఆ పొలానికి పారుతుంది. ఇదీ అటువంటిదే. డిస్‌ప్లేపోర్టుకు నాలుగు జతలూ ఇచ్చేస్తే యూఎస్‌బీకి పాత 2.0 వేగమే మిగులుతుంది. రెండే ఇస్తే వేగం గల యూఎస్‌బీకి మిగిలిన రెండు దక్కుతాయి. ఎవరికెన్ని ఇవ్వాలో రెండు వైపులా ఉన్న పరికరాలు ముందుగా మాట్లాడుకుని తేల్చుకోవాలి.

ఆ మాటలు నడవడానికి వేరే ఒక సన్నని తీగ ఉంది. నీవెవరివి? నీకు ఏయే మారురూపాలు తెలుసు? అందులో ఏ ఏ తీరులు? సరే, ఈ రూపంలోకి ప్రవేశించు. నీ స్థితి ఏమిటి? తీగలు ఇలా అమర్చుకో. ఈ వరుస తప్పకూడదు. తీగలను ఒక రూపం నుంచి మరొక రూపానికి మార్చేముందు వాటిని ఎవరికీ హాని లేని నడిమి స్థితిలో నిలపాలి. ప్లగ్గును తలక్రిందులుగా పెట్టినా పనిచేయాలి కనుక, ఏ పక్కన పెట్టారో చూసి తూములు మార్చాలి. ఈ సంభాషణను కంప్యూటరు పక్షాన నడిపే కోడును డ్రైవరు అంటారు. లినక్స్‌లో మారురూపాలకు ఒక పద్ధతీ, డిస్‌ప్లేపోర్టుకు మొదటి డ్రైవరూ 2018లో విడుదలైన 4.19 కెర్నెల్‌తో వచ్చాయి. ఇంటెల్ సంస్థకు చెందిన హైక్కి క్రోగెరుస్ దాన్ని రాశారు. చక్కని కోడు, చదవడానికి హాయిగా ఉంటుంది. నా వాదానికి దానినే సాక్ష్యంగా పెడుతున్నాను. మంచివాడు రాసిన మంచి కోడులో కూడా ఏమేమి దాగి ఉండగలవో చూడండి.

మొదటిది సున్న కథ. రెండు వైపులా కుదిరే తీగల అమరికల పేర్లను ఒక వరుసలో రాసి చూపే చిన్న భాగం ఆ డ్రైవరులో ఉంది. ఒక్కొక్క పేరు రాసి, పక్కన ఒక ఖాళీ వదిలి, చివరి ఖాళీని చెరిపి అక్కడ పంక్తి ముగింపు గుర్తు పెడుతుంది. చదివితే తప్పేమీ కనబడదు. కానీ రెండు వైపులా కుదిరే అమరిక ఒక్కటీ లేకపోతే? రాసిన పొడవు సున్న. సున్నలోంచి ఒకటి తీసి ఆ స్థానంలో గుర్తు పెట్టబోతే, ఆ గుర్తు తనకిచ్చిన చోటికి ఒక మెట్టు ముందు, పరాయి చోట పడుతుంది. ఈ తప్పును 2023లో దిద్దారు. అయిదేళ్ళు అది అక్కడే కూర్చుని ఉంది. ఎన్ని వేలమంది ఆ పంక్తి మీదుగా కళ్ళు జరుపుకుంటూ పోయి ఉంటారు! "ఏమీ లేనప్పుడు ఏమవుతుంది?" అనే చిన్నపిల్లవాడి ప్రశ్న ఒక్కటి అడిగితే చాలు. రాసేవాడికి ఆ ప్రశ్న రావడం కష్టం, ఆయన మనసులో ఎప్పుడూ ఏదో ఒక అమరిక ఉంటుంది. చదివేవాడి వృత్తే ఆ ప్రశ్న.

రెండవది తొందరపడి వచ్చిన చుట్టం కథ. డ్రైవరు తన సామాను సర్దుకోకముందే వీధి తలుపు తెరిచి ఉంచేది. అంటే, స్థితిని తెలిపే దస్త్రాలు బయటి ప్రోగ్రాములకు కనిపించేవి, వాటి వెనుక ఉండవలసిన సమాచారం మాత్రం ఇంకా కుదురుకుని ఉండేది కాదు. ఆ రెప్పపాటులో ఎవరైనా వచ్చి చదవబోతే డ్రైవరు శూన్యంలో కాలు పెట్టేది. దీన్ని 2024లో దిద్దారు. ఏ పంక్తికి ఆ పంక్తి సరిగానే ఉంది, తప్పు పంక్తుల వరుసలో ఉంది. "దీనికీ దానికీ నడుమ ఎవరైనా వస్తే?" అని అడిగినవాడికే అది దొరుకుతుంది.

మూడవది ఒకే కబురులో రెండు వార్తల కథ. కొన్ని తెరలు మొదట "నేనింకా సిద్ధంగా లేను" అంటాయి. కాసేపటికి "సిద్ధమయ్యాను, బొమ్మ పంపవచ్చు" అని రెండు మాటలూ ఒకే కబురులో పంపుతాయి. డ్రైవరు మొదటి మాట విని తీగలు అమర్చుకునే పనిలో పడి రెండో మాటను జారవిడిచేది. దీనినీ 2023లోనే సరిచేశారు. బస్టాండు దగ్గరి ఆ తగవులన్నీ దీనివల్లనే వచ్చాయని నేననను. ఎక్కువభాగం ఆ రంధ్రానికి శక్తి లేకపోవడం వల్లనే వస్తాయి. కానీ ఇటువంటి తప్పు ఎదురైన మనిషికి కనబడేది మాత్రం అదే నల్లని తెర, చేసే ఆరోపణ అదే, దుకాణదారు మీద. రెండువేల మైళ్ళ అవతల ఒక పంక్తిలో జారిన మాటకు ఇక్కడ ఇద్దరు మనుషులు ఒకరినొకరు దొంగలనుకుంటారు.

ఇప్పుడు సంతకం మాట. కెర్నెల్‌లో ఒక మార్పు కింద నాలుగైదు రకాల సంతకాలుంటాయి, అన్నీ ఒకటి కావు. సైన్డ్-ఆఫ్-బై అంటే ఈ కోడును ఇచ్చే హక్కు నాకుందనే వాంగ్మూలం. ఎస్‌సీఓ సంస్థ వేసిన దావా నడుస్తున్న రోజుల్లో, 2004లో, లినస్ టోర్వాల్డ్స్ ఈ పద్ధతి పెట్టారు. ఏక్డ్-బై అంటే నాకు సమ్మతమే అని. టెస్టెడ్-బై అంటే నా యంత్రం మీద నడిపి చూశానని. రివ్యూడ్-బై వీటన్నిటికంటే బరువైనది. కెర్నెల్ పత్రాల్లో దానికి ఒక ప్రమాణ వాక్యమే ఉంది. దాని సారాంశం ఇది: నేను ఈ మార్పును సాంకేతికంగా పరిశీలించాను, నా సందేహాలను రాసినవారికి చెప్పాను, వారిచ్చిన సమాధానాలతో తృప్తి పడ్డాను, చేర్చకుండా ఆపదగిన దోషమేదీ నాకు తెలిసి ఇందులో లేదు. తప్పే ఉండదని పూచీ పడమని ఎవరూ అడగడం లేదు. చూశానని అంటే చూసి ఉండాలని మాత్రమే అడుగుతున్నారు.

ఆ కొంచెమూ చేయడం లేదు మనం. ఇక్కడ మిత్రులకు కోపం వచ్చినా సరే, చెబుతాను. ఒకప్పుడు నేను పనిచేసిన చోట ఏడాది చివర ఎవరెన్ని రివ్యూలు చేశారో లెక్కకట్టేవారు. లెక్క పెట్టడం మొదలైన మరుసటి నెల నుంచే పెళ్ళి చదివింపుల వ్యవహారం మొదలైంది. నీ మార్పుకు నేనొక సంతకం చదివిస్తాను, నా మార్పుకు నువ్వొకటి చదివించు. మూడు వందల పంక్తుల మార్పుకు మూడు నిమిషాల్లో సంతకం. ఒక్క ప్రశ్న లేదు, ఒక్క సందేహం లేదు. అందరికీ సంఖ్య పెరిగింది, అందరూ సంతోషించారు.

పరుల తప్పులెన్నే ముందు నా తప్పూ చెప్పాలి. ఆ రోజుల్లోనే ఒక మారురూపం మార్పు నా దగ్గరికి వచ్చింది. రాసినాయన నాకంటే ఎంతో అనుభవజ్ఞుడు. పేరు చూసి పై పంక్తులు చదివి, తక్కినవి చదివినట్టే భావించి సంతకం పెట్టాను. మారురూపంలోకి ప్రవేశించే దారి చదివాను, బయటికి వచ్చే దారి చదవలేదు. బొమ్మ వస్తుండగా తీగ లాగేస్తే, వెళ్ళిపోయిన పరికరం కోసం పెట్టిన పని ఒకటి ఇంకా వరుసలో మిగిలి ఉండి, లేని పరికరాన్ని తాకి యంత్రం నిలిచిపోయేది. పరీక్షించే విభాగంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి దాన్ని పట్టుకుంది. "సర్, మీరు ఇది చూశారు కదా?" అని ఎంతో మర్యాదగా అడిగింది. ఆ ప్రశ్న వినగానే గొట్టంలోకి వంగి చూస్తున్న మా నాయన గుర్తొచ్చాడు. ఆ రోజు అబద్ధం ఆడలేదు, చూడలేదని ఒప్పుకున్నాను. కానీ నా అబద్ధం అప్పటికే నా పేరుతో, తేదీతో సహా శాశ్వతంగా నమోదై ఉంది.

దీనికి మిత్రులు రెండు సమాధానాలు చెబుతారు. మొదటిది, "యంత్రాలే తప్పులు పడతాయి, మనిషెందుకు?" యంత్రాలు పట్టే మాట నిజమే. పైన చెప్పిన సున్న తప్పును బయటపెట్టింది కాసాన్ అనే మెమరీ పహరా పరికరమే. అయితే అది ఆ దారిన నడిచినప్పుడు మాత్రమే అరుస్తుంది. కుదిరే అమరిక ఒక్కటీ లేని పరికరాన్ని ఎవరో ఒకరు కలిపేదాకా అది మౌనం. ఇక మూడో కథలోని తప్పును అటువంటి పహరాదారు ఎన్నటికీ పట్టలేదు, మెమరీ పరంగా అక్కడ ఏ దోషమూ లేదు. ఒక మాట వినకపోవడం ఏ నియమానికి విరుద్ధమో ప్రమాణ పత్రం చదివిన మనిషికి తెలియాలి. ఇప్పుడు కృత్రిమ మేధ పేజీలకు పేజీలు కోడు రాసిపెడుతోంది. మంచిదే. రాయడం చవకైంది, దానితో చదవడం మరింత ఖరీదైంది. గానుగ వేగం పదింతలు పెంచి కాంటా దగ్గర మనిషిని తీసేస్తే ఏమవుతుందో చక్కెర ప్రాంతం వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

రెండవది, "నమ్మకం ఉండాలి కదా, అందరినీ అనుమానిస్తే పని సాగుతుందా?" 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం మరిచిపోయారా? జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్ళకు పైగా ఓపికగా మంచి మార్పులు పంపి, అలసిపోయిన నిర్వాహకుడి నమ్మకం సంపాదించి, చివరికి దొడ్డిదారి ఒకటి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు లాగిన్ కావడానికి అరక్షణం ఆలస్యమెందుకవుతోందా అని తవ్వబట్టి బయటపడింది. ఆ ఒక్కడూ "పోనీలే, అరక్షణమే కదా" అనుకుని ఉంటే? చదివి అడగడం అనుమానం కాదు, మర్యాద. మన పసుపు యార్డులో కొమ్ము విరిచి లోపలి రంగు చూసే వ్యాపారిని చూసి రైతు అవమానపడడు. విరవకుండా బస్తా మీద ధర వేసేవాడిని చూస్తేనే భయపడతాడు.

ఇది ఎక్కడో దూరదేశపు వ్యవహారం, మన తెలుగుకేమిటి సంబంధం అనుకునేవారికి మరొక సంగతి. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరం ఒక విధంగా కూర్చి పంపితే ఐఫోన్లలో సందేశాల అప్లికేషన్లు కూలిపోయాయి. ఆపిల్ ఆ నెల 19న సవరణ విడుదల చేసేదాకా ప్రపంచమంతా దాన్ని వేళాకోళం చేసింది. యూనికోడ్ తెలుగు కోసం అక్షరం అక్షరం పోట్లాడిన మనకు ఆ నవ్వు ఎంత గుచ్చుకుందో గుర్తుండే ఉంటుంది. మన గుణింతాలు, వత్తులు తెలిసి ప్రశ్న అడగగల చదువరి అటువంటి చోట్ల ఎందరున్నారు? రాసేవాళ్ళను లక్షల్లో తయారు చేస్తున్నాం. చదివేవాళ్ళను ఎవరు తయారు చేస్తున్నారు?

ఇక మా ఊళ్ళ పిల్లల మాట. ఏడవ నిజాం కాలంలో 1937లో పుట్టిన బోధన్ చక్కెర కర్మాగారం 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళి, 2015 డిసెంబరులో మూతపడింది. శక్కర్‌నగర్ క్వార్టర్ల పిల్లలు గల్ఫుకో హైదరాబాదుకో పోయారు. నిజామాబాదులో 2023లో ఐటీ హబ్ తెరిచారు, సంతోషం. అక్కడ చేరే పిల్లలకు ఇప్పుడు పెద్దలిచ్చే సలహా ఏమిటో తెలుసా? "కెర్నెల్‌కు ఏదో ఒక మార్పు పంపు, వ్యాఖ్యానంలో ఒక అక్షరదోషం దిద్దినా చాలు, బయోడేటాలో రాసుకోవచ్చు." ఆ మార్పు పంపడం పాపం కాదు. అదే గమ్యమని నేర్పడం పాపం. మనవాళ్ళను సంఖ్యల కోసం పెంచుతున్నాం, తర్వాత వాళ్ళు చూడకుండా సంతకం పెడితే ఆశ్చర్యపోతున్నాం.

నా సలహా వేరు. మొదట ఒక ఏడాది చదవండి. మారురూపాల డ్రైవర్ల సంచిక చిన్నది, ఒక ఎండాకాలం సెలవుల్లో పూర్తి చేయవచ్చు. ప్రతి మార్పుకూ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఏమీ లేనప్పుడు ఏమవుతుంది? నడుమ ఎవరైనా వస్తే ఏమవుతుంది? అవతలి పరికరం అబద్ధమాడితే ఏమవుతుంది? అర్ధంతరంగా తీగ లాగేస్తే ఏమవుతుంది? అర్థం కానిచోట అర్థం కాలేదని అడగండి. అది సిగ్గుపడే ప్రశ్న కాదు. అర్థం కాని కోడులోనే తప్పు దాగుతుంది.

మీ చేతిలో మరొక బలం ఉంది, దాన్ని మీరు గుర్తించడం లేదు. ఫిన్లాండులోనో అమెరికాలోనో కూర్చున్న నిపుణుడి బల్ల మీద ప్రమాణం తప్పని ఖరీదైన తెరలుంటాయి. ప్రమాణాన్ని సగం పాటించే చవక హబ్బులూ, పేరు లేని తీగలూ నిజామాబాదు బజారులో ఉంటాయి. వాటిని కలిపి, ఏ కబురు తర్వాత ఏ కబురు వచ్చిందో నమోదు చేసి పంపితే, ఆ నిపుణుడికి దొరకని సాక్ష్యం మీరిచ్చినట్టు. నిజాయితీగా పెట్టిన ఒక్క టెస్టెడ్-బై, చూడకుండా పెట్టిన వంద రివ్యూడ్-బైల కంటే బరువు తూగుతుంది.

మా మిత్రుడికి నా సమాధానం ఇదే. కవిగారూ, మీరు రాయండి. మీ కవిత్వం నేను చదువుతాను, తప్పుంటే చెబుతాను. చెప్పడానికి తీరిక లేని రోజున సంతకమూ పెట్టను. గుమాస్తా అన్నారు కదా, ఆ బిరుదు ఉంచుకుంటాను. మా నాయన పట్టీలు ఇంట్లో ఇంకా రెండు మూడున్నాయి, కాగితం పసుపు రంగుకు తిరిగింది. వాటిలోని అంకెలతో ఈ రోజు ఎవరికీ పనిలేదు. అయినా వాటిని ఎవరు తీసుకెళ్ళి పరీక్షించినా నాకు భయం లేదు. నా సంతకాల్లో ఒక్కదాని గురించి ఆ మాట అనలేను. రెండోది ఉండకూడదని ఈ తాపత్రయం.

కాదనేవారు నిస్సంకోచంగా కాదనండి. కానీ పైదాకా చదివి కాదనండి.